మెట్ల మలుపు దగ్గర నల్ల వైరు

జిల్లా జైలు, అనంతపురం
9 జూన్ 2025

సుబ్బరత్నమ్మ అక్కకు,

మీ ఇంటికి వైరింగు చేసిన ఓబుళేసును. నా పేరు చూడగానే దీన్ని చింపెయ్యాలనిపిస్తుంది. చింపే ముందు ఒక్కసారి చదవండి. జైలు ఆఫీసులో చదివాకే ఇది బయటికి వస్తుంది కాబట్టి ఇందులో బెదిరింపూ ఉండదు, బేరమూ ఉండదు. మీకు రాయవద్దని మా వకీలు రెండుసార్లు చెప్పాడు.

జయరామన్న పోయి ఎల్లుండికి నెల. ఇంటి పని జరిగే రోజుల్లో అన్న బస్సు డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి సిమెంటు మూట మీద కూర్చునేవాడు. కింద నడవలో ఒక స్విచ్చు, పైన మెట్ల మలుపు దగ్గర ఒక స్విచ్చు, రెండింటికీ కలిపి ఒకే బల్బు. అదెట్లా సాధ్యమని అడిగితే గోడ మీద పెన్సిలుతో గీసి చూపించాను. "బస్సుకు రెండు స్టీరింగులు పెట్టినట్టుండాదే" అన్నాడు. అంత మంచి మనిషి, స్విచ్చు ఆపి, స్టూలెక్కి, మాడిన బల్బు తీస్తూ పోయాడని పోలీసులు చెప్పారు. స్విచ్చు ఆపాక ఆ హోల్డరులో కరెంటు ఉండకూడదక్కా.

ఒకటే అడుగుతున్నాను. నేను పని ముగించి పోయాక ఆ మలుపు దగ్గర బోర్డును ఎవరైనా విప్పారా? అవునో కాదో ఒక్క ముక్క రాయండి.

ఓబుళేసు

*

బుక్కరాయసముద్రం
20 జూన్ 2025

ఓబుళేసుకు,

చింపలేదు. నీకు జవాబు రాయాలనే ఉంచాను.

ఇరవై రెండేళ్ళు ఆర్టీసీ బస్సు తోలి ఒక్క కుక్కను కూడా తొక్కని మనిషి ఆయన. సొంత ఇంట్లో, సొంత మెట్ల మీద పడిపోయాడు. కింద వంట చేస్తున్న నాకు స్టూలు పడిన చప్పుడు వినిపించింది. "ఏం పడిందబ్బా" అని కేక వేసి, పోపు మాడిపోతుందని పొయ్యి తగ్గించి, ఆ తరువాత వెళ్ళాను. ఆ పొయ్యి తగ్గించిన క్షణాలు నేను బతికినంత కాలం నాతోనే ఉంటాయి. నీ ఉత్తరానికి ఇదీ నా జవాబు.

ఆ బోర్డును ఎవరూ విప్పలేదు. నువ్వు చేసిన పని నువ్వు చేసినట్టే ఉంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు కూడా వైరింగు తప్పు అనే రాసిపోయాడు. మా తమ్ముడు దివాకర్ దగ్గరుండి అన్నీ చూపించాడు.

ఇంక రాయవద్దు.

సుబ్బరత్నమ్మ

*

జిల్లా జైలు, అనంతపురం
27 జూన్ 2025

అక్కా,

రాయవద్దన్నా రాస్తున్నాను. కోపం రావడం న్యాయమే.

మొదటి ఉత్తరంలో నేను చెప్పని సంగతి ఒకటుంది. వకీలు ఎవరితోనూ అనవద్దన్నాడు, అంటే తప్పు ఒప్పుకున్నట్టే అన్నాడు. కానీ దాన్ని మోయడం నా వల్ల కావడం లేదు. మీ ఇంటి పని చేసిన డిసెంబరులో నాకు పది రోజులు విషజ్వరం. ఒప్పుకున్న పనులు వదలలేక, మాత్రలు మింగుతూ ఇంటి తరువాత ఇల్లు తిరిగాను. ఆ చలికాలంలో మీతో కలిపి పన్నెండు ఇళ్ళకు మెట్ల దగ్గర ఇట్లాంటి స్విచ్చులే పెట్టాను. మీ ఇంట్లో ఏ వైరు ఎక్కడ బిగించానో గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే, ఒకసారి సరిగ్గా చేసినట్టు కనిపిస్తుంది, ఇంకోసారి తప్పు చేసినట్టు కనిపిస్తుంది. మీ ఇంట్లో తప్పు నాదే అయితే మిగిలిన పదకొండు ఇళ్ళలోనూ అదే తప్పు ఉండవచ్చు. ఈ పూట కూడా ఎవరో ఒకరు స్విచ్చు ఆపి, ధైర్యంగా స్టూలు ఎక్కుతుండవచ్చు.

మా ఆడమనిషి కదిరమ్మను ఆ ఇళ్ళకు పంపాను. రెండిళ్ళవాళ్ళు వేరే మనిషితో చూపించుకున్నారు, బాగానే ఉందన్నారు. మిగతావాళ్ళు జైల్లో ఉన్నవాడి పెళ్ళాం మాట మాకెందుకని తలుపు వేసుకున్నారు. కొన్ని ఇళ్ళు దానికి తెలియనే తెలియవు.

అందుకే మీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మలుపు దగ్గర బోర్డుకు రెండు స్క్రూలు ఉంటాయి. ముందు మెయిన్ ఆపండి. భయమైతే లైన్‌మన్ను పిలవండి. బోర్డు విప్పి, దేన్నీ ముట్టుకోకుండా, టార్చి వేసి వైర్లు చూడండి. నేను చేసినట్టే ఉంటే ఆ డబ్బాలో మూడే వైర్లు ఉండాలి: ఎరుపు, పసుపు, నీలం. నల్లది ఉండకూడదు. నల్లది కరెంటు తిరిగిపోయే వైరు, అది స్విచ్చులను తాకకుండా నేరుగా బల్బుకు పోవాలి. అది స్విచ్చులో కలిస్తే బల్బు మామూలుగానే వెలుగుతుంది, మామూలుగానే ఆరుతుంది. కానీ ఆరినప్పుడు కూడా హోల్డరులో కరెంటు ఉంటుంది.

నల్లది ఉందా లేదా, అంతే చెప్పండి.

ఓబుళేసు

*

బుక్కరాయసముద్రం
8 జూలై 2025

ఓబుళేసుకు,

ఆ బోర్డును నేను ముట్టుకోను. ఆ బల్బు మళ్ళీ వెయ్యలేదు. సందేళ అయితే నేనూ లహరీ కిందనే ఉండిపోతాం, పైకి వెళ్ళం. మా అమ్మాయికి నర్సింగు రెండో సంవత్సరం మొదలైంది, పుస్తకాలు పైగదిలో ఉన్నా తెచ్చుకోవడం లేదు.

నిన్న మీ కదిరమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. విత్తనాలకు చెనిక్కాయలు వలిచే కూలికి పోతోందట, బొటనవేళ్ళకు గుడ్డ పీలికలు చుట్టుకుని ఉంది. లోపలికి రమ్మనలేదు. "నా మొగుణ్ణి వదలమని అడగనీకి రాలేదమ్మా. ఆయప్ప తినడం మానేసినాడు. ఆ డబ్బా ఒక్కసారి చూసి చెప్తే తింటాడేమో" అంది. దివాకర్ అప్పుడే వచ్చి, ఇంకోసారి ఇటు వస్తే పోలీసులకు చెబుతానని ఆమెను పంపేశాడు. నేను అడ్డు చెప్పలేదు.

ఎవరూ విప్పలేదని ముందే రాశాను కదా. మళ్ళీ మళ్ళీ ఎందుకు అడుగుతావు? తిను. నువ్వు తినకపోతే ఆయన తిరిగి రాడు.

సుబ్బరత్నమ్మ

*

జిల్లా జైలు, అనంతపురం
19 జూలై 2025

అక్కా,

తినమని రాశారు. ఆ మాట చదివి రెండు ముద్దలు తిన్నాను.

ఇప్పుడు రాయబోయేది మిమ్మల్ని నొప్పిస్తుంది. మొదట్లోనే రాస్తే మీరు నన్ను దొంగ అనుకుంటారని ఆగాను. ఏప్రిల్‌లో మీరు నాకు ఫోను చేశారు. మేడ మీద గది పెనం మాదిరి కాలుతోందనీ, అమ్మాయి పరీక్షలకు చదువుకోలేకపోతోందనీ, మెట్ల మలుపు దగ్గర కూలరుకు ఒక ప్లగ్గు పెట్టమనీ అడిగారు. "ఆడ నల్ల వైరు లేదక్కా, పైపులో కొత్తది లాగాల. నాలుగు దినాలు ఆగండి, వస్తా" అన్నాను. నాలుగు రోజుల తరువాత ఫోను చేస్తే ఇంక అవసరం లేదన్నారు. కూలరు ఆలోచన మానుకున్నారేమో అనుకున్నాను.

ఈ మాట పోలీసులకు చెప్పాను. తనిఖీ రోజు అక్కడ ప్లగ్గే లేదు, కట్టుకథ అన్నారు. పైగా ఫిర్యాదులో ఇంకో మాట ఉంది. అంతకుముందే షాకు కొడుతోందని మీరు నాకు చెప్పారనీ, తెలిసి కూడా నేను రాలేదనీ. దానివల్లనే పెద్ద సెక్షను పెట్టారు, రెండుసార్లు బెయిలు కొట్టేశారు. అక్కా, మీరు నాకు ఎప్పుడు చెప్పారు? కింద సంతకం మీది.

నేను అలిసిపోయాను. ఆగస్టు ఆరున వాయిదా ఉంది. తప్పు నాదేనని ఒప్పుకుంటానని వకీలుతో చెప్పాను. పిచ్చి పట్టిందా అని అరిచాడు. ఒప్పుకుంటే అయినా జడ్జిగారు ఆ ఇళ్ళకు మనుషులను పంపి చూడమంటారేమో. ఇక్కడ కూర్చుని రోజూ ఎవరో ఒకరు పడిపోతున్నట్టు ఊహించుకునే కంటే శిక్ష అనుభవించడం తేలిక. నాలుగు బోర్లు ఎండిపోయి, వజ్రకరూరు దగ్గర మా చేను వదిలి ఈ పనిలోకి వచ్చినప్పుడు కూడా నాకు ఇంత దిక్కు తోచని స్థితి లేదు.

మిమ్మల్ని ఇంక ఏమీ అడగను.

ఓబుళేసు

*

బుక్కరాయసముద్రం
2 ఆగస్టు 2025

ఓబుళేసూ,

ఒప్పుకోవద్దు. ఈ ఉత్తరం నీకు ఆరో తేదీలోపు అందుతుందో లేదోనని మీ వకీలును కలిసి నోటితో కూడా చెప్పి వచ్చాను.

నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. ఐదో రోజు లహరి చూసింది. చదివి, వెళ్ళి మెయిన్ ఆపి, స్క్రూడ్రైవరు తెచ్చుకుని మెట్లెక్కింది. నేను వెనకే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, అయినా టార్చి వేసి పట్టుకున్నాను. బోర్డు పక్కన అరచేయంత మేర గోడకు కొత్త లప్పం, కొత్త రంగు. ఇన్నాళ్ళూ అటు చూడకుండానే ఎక్కీ దిగీ ఉన్నాను. డబ్బా విప్పితే లోపల నల్ల వైరు ఉంది. దాని పక్కనే, నువ్వు చెప్పని ఇంకో ఎర్ర వైరు కూడా.

లహరి నా వైపు తిరిగి, "మామ ఈడ కూలరుకు ప్లగ్గు పెట్టిండె గదమ్మా" అంది.

పెట్టాడు. నేనే పెట్టించాను. నువ్వు నాలుగు రోజులు ఆగమంటే నేను ఆగలేకపోయాను. దివాకర్ మోటార్లకు వైండింగు చేసే మనిషి, కరెంటు తెలిసినవాడే కదా అని పిలిచాను. ఒక్క పూటలో ముగించాడు. నీకు రెండుసార్లు ఎవరూ విప్పలేదని రాశానే, ఆ రెండుసార్లూ నాకు ఆ ప్లగ్గు గుర్తుంది. కూలరు ప్లగ్గుకూ బల్బుకూ ఏం సంబంధమని నాకు నేనే చెప్పుకున్నాను. ఆయన పోయిన మరునాడు, ఇల్లంతా జనం ఉన్నప్పుడు, దివాకర్ ఆ ప్లగ్గు పీకి గోడ పూడ్చడం చూశాను. ఎందుకని అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందో నాలో ఎక్కడో తెలుసు.

ఆ సాయంత్రమే వాణ్ణి పిలిచి విప్పిన డబ్బా చూపించాను. మెట్ల మీద కూర్చుండిపోయాడు. పై గది నుంచి ఎర్ర వైరూ నల్ల వైరూ తెచ్చి ప్లగ్గుకు ఇచ్చాడట, ఆ నల్ల వైరును స్విచ్చులో కూడా కలిపాడట.

"బల్బు వెలిగిందక్కా. కింద వేస్తే వెలిగింది, పైన ఆపితే ఆరింది. ఇంకేం చూడల్ల నేను?" అన్నాడు.

"మరి ఓబుళేసుకు ముందే చెప్పినామని ఎందుకు రాయించినావు?"

"భయమైంది. ఎవరో ఒకరు చేసినట్టు ఉండాల గదా."

చదవకుండా సంతకం పెట్టింది నేను. ఆ రోజు కాగితం మీద అక్షరాలే కనిపించలేదు. వాడు వేలు పెట్టి చూపించిన చోట పెట్టాను.

వాడు నా కాళ్ళు పట్టుకున్నాడు. బావ ఎట్లాగూ రాడు, నువ్వు నోరు తెరిస్తే నేను కూడా పోతాను, ఇంక నీకు ఎవరుంటారు అన్నాడు. అమ్మ పోయాక నేను ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు ఓబుళేసూ. ఆయన చితి దగ్గర నన్ను పట్టుకుని నిలబెట్టింది వాడే. రెండు రోజులు నేను నోరు తెరవలేదు. రెండో రోజు నేను పనిచేసే అంగన్‌వాడీలో పిల్లలకు గుడ్లు పంచుతూ ఉంటే, అన్నం ముందు కూర్చుని తినలేని నువ్వు గుర్తొచ్చావు. అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు వెళ్ళాను.

ఫిర్యాదు మీద సంతకం మీదే కదమ్మా, ఇప్పుడు మాట మారిస్తే మీ మీదకే వస్తుంది అన్నాడు అక్కడి సారు.

"సంతకం నాదే. ఆ పొద్దు చదవకుండా పెట్టినా. ఇప్పుడు చదివినా" అన్నాను.

లహరి కూడా చూసింది చూసినట్టు రాసిచ్చింది. గోడ మళ్ళీ తవ్వించారు, ప్లగ్గు ఉండిన డబ్బా లప్పం కింద అట్లాగే ఉంది. నన్ను క్షమించమని అడగను. మా ఇంట్లో తప్పు ఓబుళేసుది కాదని పదకొండు ఇళ్ళకూ నేనే వెళ్ళి చెబుతాను, ఆ ఇళ్ళు ఎక్కడో చీటీ రాసి పంపు.

సుబ్బరత్నమ్మ

*

అనంతపురం
29 ఆగస్టు 2025

అక్కా,

నేను బయటికి వచ్చి పదిహేను రోజులు. ముందే రాయవలసింది. మీ ఇంటికి రావాలని రెండుసార్లు బస్సెక్కి, చెరువు కట్ట దగ్గరే దిగి వెనక్కి వచ్చేశాను. ఏ ముఖంతో రావాలో తెలియలేదు. మీ తమ్ముణ్ణి జైల్లోకి తెచ్చిన రోజు నేను గేటు దగ్గర నా చెప్పులు తీసుకుంటున్నాను. ఆయన నన్ను చూసి తల తిప్పుకున్నాడు. పగ తీరినట్టు అనిపిస్తుందనుకున్నాను. ఏమీ అనిపించలేదు.

పదకొండు ఇళ్ళకు మీరు పోనక్కరలేదు. నేనే తిరిగాను. కేసు నా మీద నుంచి పోయిందని తెలిసి చాలామంది కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. ఒక్కో బోర్డూ విప్పి చూశాను. పదిళ్ళు సరిగ్గా ఉన్నాయి.

పదకొండోది సోమందేపల్లెలో, మారెప్ప అనే పెద్దాయన ఇల్లు. జ్వరం ఎక్కువగా ఉన్న మూడు రోజుల్లో చేసిన పని అది. విప్పి చూస్తే మెట్ల బల్బుకు నేను స్విచ్చును నల్ల వైరు మీద పెట్టాను. ఎవరూ మార్చలేదు, ఎవరూ ముట్టలేదు. నా చేతి ముడులే. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ పోకపోవడం ఒట్టి అదృష్టం.

ఆయన కింద కూర్చుని ఉన్నాడు. మౌనంగా సరిచేసి, అంతా బాగుందని చెప్పి రావచ్చు. మెట్ల మీద నిలబడి ఆ ఆలోచన చేశాను కూడా, మీకు అబద్ధం రాయను. తరువాత దిగి వచ్చి చెప్పాను. ఆయన ఆ బల్బు వైపు చూశాడు.

"చెప్పకపోయింటే నాకు తెలిసేదే కాదు గదా. ఎందుకు చెప్పినావప్పా?" అన్నాడు.

నేను మళ్ళీ మెట్లెక్కాను. సరిచేసేదాకా ఆయన పక్కనే నిలబడి, ఇంక మా ఇంటికి రావద్దని పంపించాడు. రెండు రోజుల్లో ఆ మాట అందరికీ పాకింది. ఒప్పుకున్న రెండు పనులు పోయాయి. కదిరమ్మ చెనిక్కాయల మూట ఇంటికే తెచ్చుకుని వలుస్తోంది. నేనూ పక్కన కూర్చుని వలుస్తున్నాను.

మీ ఇంట్లో చేసింది నేను కాదు. కానీ చేసి ఉండగలిగినవాణ్ణే. ఆ మాట మీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

ఓబుళేసు

*

బుక్కరాయసముద్రం
10 సెప్టెంబరు 2025

ఓబుళేసప్పకు,

నీ ఉత్తరం లహరికి చదివి వినిపించాను. తరువాత దాన్ని సంచిలో పెట్టుకుని జైలుకు వెళ్ళాను. దివాకర్‌ను చూడటం అదే మొదటిసారి. గడ్డం పెరిగింది. జాలీకి అటువైపు నిలబడి లాయరు గురించీ, షాపు తాళాల గురించీ మాట్లాడాడు. ఏమైనా తెచ్చావా అక్కా అని అడిగాడు. నీ ఉత్తరంలో మారెప్ప ఇంటి సంగతి ఉన్న చోటు చదివాను.

సగంలో ఆపమన్నాడు. నేను ఆపలేదు. చివరిదాకా విని గోడకు ఆనుకున్నాడు.

"ఎవరూ అడగకనే చెప్పినాడు గదక్కా ఆయప్ప" అన్నాడు. టైము అయిపోయిందని తీసుకుపోయేటప్పుడు వెనక్కి తిరిగి, బావ మొదట స్విచ్చు ఆపినాడా అని అడిగాడు. ఆపినాడు రా అన్నాను. ఈ నాలుగు నెలల్లో వాడు ఆయన గురించి అడిగిన మొదటి మాట అది. బయటికి వచ్చి రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. ఆయన పోయిన రోజు కూడా అట్లా రాలేదు.

పద్దెనిమిదిన వాడి బెయిలు వాయిదా. నాకు అభ్యంతరం ఉందో లేదో చెప్పమని జడ్జిగారు నన్ను పిలిపించారు. నీ బెయిలప్పుడు నన్ను ఎవరూ అడగలేదు, అడిగి ఉంటే ఉందనే చెప్పేదాన్ని. వాడికి లేదని చెబుతాను. వాడు బయటికి రావాలి. కానీ కేసు నడిచేటప్పుడు చూసింది చూసినట్టు చెబుతానని కూడా వాడి ఎదుటే చెప్పాలి. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎట్లా అనాలో నాకు తెలియడం లేదు. లహరి కోర్టుకు రానంటోంది, మామ ముఖం చూడలేనంటోంది. మా వైపు బంధువులు మాట్లాడటం మానేశారు.

నీకు ఆ రోజు అక్కడ పని లేదని మీ వకీలు చెప్పే ఉంటాడు. అయినా రా. కదిరమ్మను కూడా తీసుకురా. ఆ రోజు ఆమెను గేటు బయటే నిలబెట్టాను, నేనే ఆమెకు చెప్పుకోవలసింది ఉంది. పదిన్నరకు పిలుస్తారట. నేను లేచి నిలబడినప్పుడు వెనక బల్ల మీద నాకు తెలిసిన మనిషి ఒక్కరైనా ఉండాలి.

సుబ్బరత్నమ్మ